ఎడ్జ్ అంటే అంచేనా?

సందేహం: మా అబ్బాయి నెట్‌వర్క్ ఎనాలిసిస్ మీద రీసెర్చ్ చేస్తున్నాడు. వాడి పని గురించి మా కాలేజీ పత్రికకి తెలుగులో రాశాను. నెట్‌వర్క్‌కి జాలం, నోడ్‌కి ముడి, ఎడ్జ్‌కి అంచు, విజువలైజేషన్‌కి దృశ్యకరణ, బిట్వీన్‌నెస్‌కి మధ్యవర్తిత్వం, హెయిర్‌బాల్‌కి జుట్టుబంతి అని పెట్టాను. జాలం అంటే మోసం కదా, మార్చండి అంటున్నారు మా తెలుగు మేడం. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: అమ్మా, జాలాన్ని మార్చక్కర్లేదు. ఇంద్రజాలం, మాయాజాలం వల్ల దానికి మోసం వాసన అంటుకున్న మాట నిజమే గానీ అసలర్థం వల, జాలరి కూడా ఆ మాటలోంచి వచ్చినవాడే, పైగా ఏళ్ళ తరబడి అంతర్జాలం అని రాస్తూనే ఉన్నాం, ఆ పేరు చూసి మోసపోయినవాళ్ళెవరూ లేరు (పోయినవాళ్ళు వేరే కారణాలకి పోయారు).

దిద్దాల్సింది అంచు. అది చీరకి సరిపోతుంది. నెట్‌వర్క్‌లో ఎడ్జ్ అంటే రెండు నోడ్‌ల్ని, అంటే రెండు బిందువుల్ని, కలిపే గీత, చివరన ఉండేది కాదు, నడుమ ఉండేది. 1735లో గణితవేత్త ఆయిలర్ తేల్చిన కోనిగ్స్‌బర్గ్ ఊరి లెక్కనే తీసుకోండి, అక్కడ నది మీదున్న 7 వంతెనల్నీ ఒక్కోసారే దాటుతూ ఊరంతా తిరగలేం అని చెప్పాడు కదా, ఇప్పటి భాషలో ఆ ఒడ్లూ లంకలూ నోడ్‌లు, వంతెనలు ఎడ్జ్‌లు. వంతెనని అంచు అంటే మన ప్రకాశం బ్యారేజీ మీద పోయేవాడు నవ్వుతాడు. లంకె అనండి, హాయిగా ఉంటుంది.

ముడి బాగానే ఉంది, నోడ్‌కి మూలమైన లాటిన్ మాటకీ ముడి అనే అర్థం. కాకపోతే రా డేటాని కూడా ముడి డేటా అని రాశారనుకోండి, ముడి సరుకు లాగా, అప్పుడు రెండు ముళ్ళూ కలిసి చదివేవాడి కాలికి గుచ్చుకుంటాయి. అలాంటి చోట నోడ్ అనే రాసేయండి.

దృశ్యకరణ కాదు, దృశ్యీకరణ. ఆ దీర్ఘం సోకుకి పెట్టింది కాదండీ, సంస్కృతంలో చ్వి ప్రత్యయం అని ఒకటుంది, అంతకుముందు అలా లేనిదాన్ని అలా చేయడం అని చెప్పేది అదే. సరళం కానిదాన్ని చేస్తే సరళీకరణ, ఆధునికం కానిదాన్ని చేస్తే ఆధునికీకరణ (పేపర్లలో కనపడే ఆధునీకరణ తప్పే, మధ్యలో కకారాన్ని మింగేశారు). సమాచారంలోని సంబంధాలు కంటికి కనపడవు, వాటిని కనపడేలా చేయడమే మీవాడి పని, మీరు ఆ ఈకారం తీసేస్తే వాడి పనే తీసేసినట్టు.

మధ్యవర్తిత్వం అనగానే తగువు తీర్చే పెద్దమనిషి గుర్తొస్తాడు. 1977లో సామాజికశాస్త్రవేత్త ఫ్రీమన్ నిర్వచించిన ఈ బిట్వీన్‌నెస్ కొలతలో తగువుల్లేవు, మిగతా నోడ్‌ల మధ్య దగ్గరి దారులు ఎంతవరకు దీని మీదుగానే పోతున్నాయి అన్నదే లెక్క. మీకు తెలిసిన చోటే చూడండి, కృష్ణా కెనాల్ జంక్షన్. బెజవాడతో పోలిస్తే చిన్న స్టేషను, వచ్చే లైన్లూ తక్కువే, కానీ గుంటూరు లైనూ తెనాలి లైనూ బెజవాడ వైపు ఒక్కటయ్యేది అక్కడే కాబట్టి అక్కడ సిగ్నల్ పడకపోతే రెండు వైపుల బళ్ళూ ఆగాల్సిందే. నేనైతే నడిమిపట్టు అని రాసి ఈ స్టేషన్‌నే ఉదాహరణ ఇస్తాను.

జుట్టుబంతి మాత్రం తీసేయండమ్మా. వేల లంకెలు ఒకే బొమ్మలో గీస్తే అంతా నల్లగా ముద్దయిపోతుంది, అదే హెయిర్‌బాల్, మన ఇళ్ళల్లో దువ్వెనకి తగిలేదాన్ని బంతి అని ఎవరంటారు, చిక్కు అంటారు గానీ. ఆ చిక్కు తగ్గించడానికి ఒకే వైపు పోయే గీతల్ని దగ్గరకి లాగి గీసే ఎడ్జ్ బండ్లింగ్ ఉంది, 2006లో హోల్టెన్ అనే పరిశోధకుడు చూపించిన పద్ధతితో బాగా పేరొచ్చింది, మీవాడు అదీ వాడే ఉంటాడు. దానికి లంకెల్ని పాయలుగా కట్టడం అని రాయండి, జడకీ పాయలే, పులిగడ్డ దగ్గర చీలే కృష్ణకీ పాయలే.