62 వేల క్లిక్కుల కెమెరానా, 4 వేల క్లిక్కులదా: నేనైతే ఏది కొంటానంటే

మీరు అడిగింది ఇదీ: బడ్జెట్ 35 వేలు, ఫొటోగ్రఫీ కొత్తగా నేర్చుకోవాలి, సెకండ్ హ్యాండ్‌లో రెండు కెమెరాలు చూసి పెట్టుకున్నారు. ఒకటి దిల్‌సుఖ్‌నగర్‌లో పెళ్లిళ్లు తీసే ఆయన దగ్గరున్న నికాన్ డీ7200, 62 వేల క్లిక్కులు తిరిగింది, అంటే దానితో అన్ని ఫొటోలు తీశారు. ఇంకోటి కూకట్‌పల్లిలో ఒకరింట్లో ఉన్న డీ5300, తిరిగింది 4 వేలే, 2017 నుంచి దాదాపు బ్యాగులోనే ఉందట. "తక్కువ తిరిగిందే తీసుకోవాలి కదా?" అన్నారు. నేనైతే ముందు దిల్‌సుఖ్‌నగర్ వెళ్తాను. ఎందుకో చెప్పాలంటే నా మొదటి కెమెరా సంగతి చెప్పాలి.

2016లో నేనూ సరిగ్గా మీలాగే లెక్కేశాను. 3 వేల క్లిక్కులు, డబ్బా ఉంది, బిల్లు ఉంది, స్క్రీన్ మీద ప్లాస్టిక్ కాగితం కూడా ఊడలేదు, ఇంకేం కావాలి అనుకుని అప్పటికప్పుడు డబ్బులిచ్చేశాను. అమ్మినాయన మోసం చేశాడని అనను, లోపల ఏముందో ఆయనకే తెలీదు. పగటి పూట తీస్తే బొమ్మలు బాగానే వచ్చాయి. రెండు నెలలకు మా పెద్దనాన్న కూతురి పెళ్లి. స్టేజీ వెనక లైట్లు, దానికి ఎదురుగా నేను. ఆ వైపు తిరిగి తీసిన ప్రతి ఫొటోలో పాలు కలిపినట్టు ఒక తెల్లటి పొర, అక్క ముఖం సహా. జీలకర్ర బెల్లం మళ్లీ పెట్టించి తీయలేం కదా, ఆ ఫొటోలు చూస్తే ఇప్పటికీ బాధేస్తుంది.

కోఠిలో కెమెరాలు రిపేరు చేసే ఒక పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్లాను, అందరూ చాచా అంటారు. ఆయన కెమెరా ఆన్ కూడా చేయలేదు. ముందు బ్యాగు జిప్పు లాగి ముక్కు దగ్గర పెట్టుకుని, "బీర్వాలో పెట్టిన్రా బేటా?" అన్నాడు. తర్వాత లెన్స్ విప్పి, వెనక నుంచి టార్చి వేసి నా చేతికిచ్చాడు. లోపలి గాజు మీద సాలెగూడులాంటి సన్నటి పోగులు, అంచు దగ్గర మొదలై మధ్యకు పాకుతున్నాయి. ఫంగస్. విప్పి తుడిచి ఇచ్చాడు, పోగులు పోయాయి, కానీ ఫంగస్ గాజు మీది కోటింగ్‌ను అప్పటికే కొంత తినేసింది, ఆ మరక మాత్రం అలాగే ఉండిపోయింది.

అప్పటి నుంచి నేను కెమెరా ఎంత తిరిగింది అనే దాని కంటే ఎక్కడ పడుకుంది అని ముందు అడుగుతాను. క్లిక్కుల లెక్క పనికిరాదని కాదు. డీ7200 షట్టర్‌ను (క్లిక్ చేసినప్పుడల్లా తెరుచుకుని మూసుకునే తెర) నికాన్ 1,50,000 క్లిక్కుల దాకా పరీక్షించింది, డీ5300ను 1,00,000 దాకా. అది గడువు తేదీ కాదు, దాటిపోయి పనిచేసేవీ ఉన్నాయి, ముందే పోయేవీ ఉన్నాయి, పోతే షట్టర్ మార్చుకోవచ్చు. 62 వేలంటే సగం కూడా కాలేదు. వారం వారం పనిచేసిన కెమెరా అయితే, బటన్ తేడా చేసినా ఫోకస్ తప్పినా ఆ ఫొటోగ్రాఫర్‌కు అదే వారం తెలిసిపోతుంది, బాగు చేయించుకోక తప్పదు. బ్యాగులో ఏళ్ల తరబడి పడుకున్న దానికి అలా చూసేవాళ్లు ఉండరు. వానాకాలం తర్వాత వానాకాలం తేమ పట్టి ఫంగస్ వస్తుంది, ఎపర్చర్ బ్లేడ్ల (లెన్స్‌లో వెలుతురును పెంచే, తగ్గించే రేకుల) మీదికి నూనె దిగి అవి బద్ధకంగా కదులుతాయి, బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయి ఛార్జింగ్ నిలవదు, గ్రిప్ రబ్బరు జిగురవుతుంది. హైదరాబాద్ పొడి ఊరే అనుకుంటాం గానీ జూన్ నుంచి అక్టోబరు దాకా గోడలు చెమ్మ పట్టే ఇళ్లెన్ని లేవు?

ఇప్పుడు నేను వాడేది డీ7100. 2019 ఆషాఢంలో, ముహూర్తాలు లేక పని ఖాళీగా ఉన్నప్పుడు, మిర్రర్‌లెస్‌కు (లోపల అద్దం లేని కొత్త రకం కెమెరాలకు) మారుతున్న ఒక పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ దగ్గర 71 వేల క్లిక్కులతో కొన్నాను. ఇప్పుడు 1,18,000 దాటింది, ఇంతవరకు ఒక్క ఫొటో కూడా దాని వల్ల పోలేదు. కానన్ గానీ నికాన్ గానీ 2020 తర్వాత కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ (ఈ డీ7200, డీ5300 లాంటి అద్దమున్న కెమెరా) తేలేదు, పనిచేసేవాళ్లంతా మారిపోతున్నారు, అందుకే మంచి బాడీలూ (లెన్స్ కాకుండా కెమెరా ఒక్కటే) లెన్స్‌లూ మనలాంటి వాళ్ల చేతికి అందే ధరకు వస్తున్నాయి.

మీ రెండింటిలో ఇంకో తేడా కూడా ఉంది. డీ7200 బాడీలోనే ఫోకస్ మోటార్ ఉంది, డీ5300లో లేదు. అంటే పాత 50 ఎంఎం ఎఫ్ 1.8డీ లాంటి లెన్స్ చవగ్గా దొరికితే డీ7200 మీద ఆటోఫోకస్ అవుతుంది, డీ5300 మీద చేత్తో తిప్పుకోవాలి. డీ7200లో రెండు కార్డులు పడతాయి. లెన్స్ ఫోకస్ కొంచెం ముందుకో వెనక్కో పడుతుంటే మెనూలోనే సరిచేసుకోవచ్చు. డీ5300కి తిరిగే స్క్రీన్ ఉంది, బరువు తక్కువ, వీడియోలు ఎక్కువ తీసేవాళ్లకు అది హాయి. మీరు ఫొటోలన్నారు కాబట్టి నా ఓటు డీ7200కే, కానీ కింద చెప్పినవి చూసుకున్నాకే.

వెళ్లే ముందు దిల్‌సుఖ్‌నగర్ ఆయన్ని ఆ కెమెరాతో ఆ రోజే తీసిన ఒక జేపెగ్ ఫొటో పంపమనండి. వాట్సాప్‌లో మామూలు ఫొటోలా పంపితే లోపలి సమాచారమంతా పోతుంది, డాక్యుమెంట్‌గా పంపాలి లేదా మెయిల్ చేయాలి. ఆ సమాచారం చూపించే ఎగ్జిఫ్‌టూల్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో తెరిస్తే నికాన్‌లో షట్టర్ కౌంట్, సీరియల్ నంబరు రెండూ కనిపిస్తాయి. ఆ నంబరు బాడీ కింద ఉన్న నంబరుతో కలవాలి. కలవకపోతే బేరం ఆడకుండా వచ్చేయండి. ఫైలు పేరులోని నంబరు చూసి మోసపోకండి, 9999 తర్వాత మళ్లీ 0001 నుంచే మొదలవుతుంది. ఎప్పుడైనా కానన్ చూస్తే, చాలా మోడల్స్‌లో ఈ లెక్క ఫొటోలో ఉండదు, కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు తగిలించి సాఫ్ట్‌వేర్‌తో చూడాల్సిందే.

పగటి పూట వెళ్లండి, మీ కార్డు, ల్యాప్‌టాప్ తీసుకెళ్లండి, గంట సమయం కావాలని ముందే చెప్పండి. గంట ఇవ్వననే మనిషి దగ్గర నేను కొనను.

ముందు లెన్స్, ఎందుకంటే డబ్బు పోయేది అక్కడే. విప్పి వెనక వైపు చూస్తే చిన్న లోహపు లివర్ ఉంటుంది. దాన్ని వేలితో మెల్లగా తోస్తే బ్లేడ్లు తెరుచుకుంటాయి, వదలగానే టక్కున మూసుకోవాలి. నీరసంగా మూసుకుంటే, బ్లేడ్ల మీద నూనె మెరుస్తుంటే వద్దు. (నికాన్ కొత్త ‘E’ రకం లెన్స్‌ల్లో ఈ లివర్ ఉండదు, వాటిని కెమెరా మీదే చూడాలి.) లివర్ తోసి పట్టుకుని, ఫోన్ టార్చి ఒకవైపు నుంచి ఏటవాలుగా వేసి, ఇంకోవైపు నుంచి చూడండి, తర్వాత తిప్పి మళ్లీ చూడండి. నాలుగు ధూళి కణాలు ఉంటే పట్టించుకోనక్కర్లేదు. పోగుల్లా, కొమ్మల్లా కనిపిస్తే ఫంగస్. పొగమంచు పట్టినట్టు ఉన్నా వద్దు. బ్యాగు వాసన కూడా చూడండి, నాకు చాచా నేర్పినదిదే.

తర్వాత బాడీ. ఎపర్చర్ ఎఫ్ 16 పెట్టి తెల్ల గోడనో ఆకాశాన్నో ఫోకస్ లేకుండా తీసి ల్యాప్‌టాప్‌లో పెద్దది చేసి చూడండి. గుండ్రటి మసక చుక్కలైతే ధూళి, శుభ్రం చేయిస్తే పోతుంది. పదునైన గీత ఉంటే సెన్సర్ (ఫొటోను పట్టే చిప్) మీద గీత పడినట్టు, అది పోదు. షట్టర్ స్పీడ్ 1/8000 పెట్టి ఆకాశం మీద పది ఫొటోలు తీయండి, ఏదైనా ఫొటోలో ఒక పక్క పట్టీలా నల్లబడితే షట్టర్ అలసిపోయినట్టే, నా దృష్టిలో క్లిక్కుల అంకె కంటే ఈ పరీక్ష విలువైనది. లెన్స్ మూత పెట్టి 30 సెకన్లు తీస్తే హాట్ పిక్సెల్స్ (చీకట్లోనూ వెలుగుతూ కనిపించే చుక్కలు) తెలుస్తాయి, రెండు మూడు ఉంటే కంగారు లేదు. పెళ్లిళ్లు తీసినది కాబట్టి ఫ్లాష్ తగిలించే హాట్ షూ ప్రత్యేకంగా చూడండి, బరువైన ఫ్లాష్‌లు మోసి మోసి అది వదులవుతుంది. ఫ్లాష్ పెట్టి అటూ ఇటూ కదిపినా ప్రతి క్లిక్కుకీ వెలగాలి. రెండు కార్డు స్లాట్లూ, అన్ని బటన్లూ, అంచుల్లో ఉన్న ఫోకస్ పాయింట్లూ ఒక్కొక్కటి వాడి చూడండి. మెనూలో బ్యాటరీ ఇన్ఫోలో దాని వయసు 0 నుంచి 4 వరకు చూపిస్తుంది, 0 అంటే కొత్తది, 4 అంటే మార్చాల్సిందే. కింద స్క్రూల తలలు అరిగి ఉంటే ఎవరో విప్పారని అర్థం, ఎందుకు విప్పారో అడగండి. వీడియో ఎక్కువ తీశారా అని కూడా అడగండి, గంటల కొద్దీ వీడియో తీసినా క్లిక్కుల లెక్క పెరగదు.

డబ్బు విషయంలో కచ్చితంగా ఉండండి. అడ్వాన్సు వద్దు, డబ్బు రావడానికి క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమనే ఎవరినీ నమ్మొద్దు. కెమెరాలు అద్దెకు తీసుకుని అమ్మేసేవాళ్లున్నారు, అందుకని పాత బిల్లు అడగండి, లేకపోతే సీరియల్ నంబరు, తేదీ, మొత్తం రాసి సంతకం పెట్టించుకుని ఐడీ కాపీ తీసుకోండి, డబ్బు యూపీఐలో పంపండి. నిజాయితీగా అమ్మేవాళ్లు దీనికి ఏమీ అనుకోరు.

కొన్నాక కెమెరా పాడవకుండా చూసుకోవడం పెద్ద ఖర్చేమీ కాదు. బీరువాలో బట్టల మధ్య, కలరా ఉండల పక్కన పెట్టకండి, తోలు కవర్లోనూ వద్దు. నేను గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, తేమ చూపించే చిన్న మీటరు వాడతాను. 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూస్తాను. సిలికా జెల్ నీలం గింజలు గులాబీ రంగుకు మారితే తేమ పట్టిందని అర్థం, మారుస్తాను. వారానికోసారి తీసి, వెలుతురులో పది ఇరవై ఫొటోలు తీసి, జూమ్ ఆ చివర నుంచి ఈ చివర దాకా తిప్పి పెడతాను. ట్యాంక్‌బండ్ దాకా ఓ సాయంత్రం నడిచొచ్చినా చాలు.

మన ఫంక్షన్లలో ఒక జాగ్రత్త. తలంబ్రాల్లో కలిపే థర్మోకోల్ పూసలు లెన్స్ మార్చే క్షణంలో లోపలికి ఎగిరి అద్దం పెట్టె గోడలకు అతుక్కుంటాయి, ఊదితే కదలవు, నేను ఒకసారి సన్నటి బ్రష్షుతో అరగంట తీశాను. బోనాల్లో పసుపు, నిమజ్జనంలో గులాల్ అంతకంటే మెత్తన, జూమ్ రింగు సందుల్లోకి పోతాయి. అక్కడికి ఒకే లెన్స్‌తో, ప్లాస్టిక్ కవరు కట్టి వెళ్లండి, లెన్స్ మార్చొద్దు. మార్చాల్సి వస్తే కెమెరా ఆఫ్ చేసి దాని నోరు కిందికి పెట్టి మార్చండి. నోటితో ఊదకండి, తుంపర పడుతుంది, రబ్బరు బ్లోయర్ కొనుక్కోండి. వానాకాలంలో ఏసీ హాల్లోంచి బయటికొస్తే గాజు మీద ఆవిరి పడుతుంది, అరగంట బ్యాగులోనే ఉంచి తర్వాత తీయండి. ఎండలో తీసొచ్చాక చెమట తడి తుడవకుండా పెట్టొద్దు, రబ్బరు ఊడడానికి అదీ ఒక కారణం. సెన్సర్ మాత్రం మొదటిసారి మీరు తుడవకండి, తెలిసినవాళ్ల చేత చేయించి పక్కన నిలబడి చూడండి.

బడ్జెట్ మొత్తం బేరంలోనే పెట్టేయకండి, ఒక మంచి బ్యాటరీకి, డబ్బాకి, బ్లోయర్‌కి కొంత పక్కన ఉంచుకోండి. దిల్‌సుఖ్‌నగర్ కెమెరా గీతలు పడి చూడ్డానికి బాగోలేకపోయినా టెన్షన్ పడకండి, గాజు శుభ్రంగా ఉండాలి, షట్టర్ పరీక్ష నెగ్గాలి, అంతే. అది తేడా కొడితే అప్పుడు కూకట్‌పల్లి వెళ్లండి, టార్చి మర్చిపోకుండా. ఆదివారం చూడ్డానికి వెళ్తానన్నారు కదా, ఎఫ్ 16లో తీసిన గోడ ఫొటో, 1/8000లో తీసిన ఆకాశం ఫొటో, టార్చి వేసిన లెన్స్ ఫొటో పంపండి, డబ్బులిచ్చే ముందే చూసి చెప్తాను.