విలేకరి కావాలి, ఆ తర్వాత ఎంపీ

ప్రశ్న: మా అమ్మాయి షెఫీల్డ్‌లో జర్నలిజం ఎంఏ చేస్తోంది. బీబీసీ విలేకరి మార్టిన్ బెల్ లాగా కొన్నేళ్లు విలేకరిగా చేసి, బ్రిటన్ పార్లమెంటుకు పోటీ చేస్తానంటోంది. నాకేమో టెన్షన్. అయ్యే పనేనా?
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: అమ్మా, మీ అమ్మాయి మంచి మనిషినే ఎంచుకుంది. కాకపోతే ఆయన కథని చివర్నుంచి చదువుతోంది. మొదట్నుంచి చదవమనండి.

బెల్ 1962లో బీబీసీలో చేరింది లండన్‌లో కాదు, నారిచ్ అనే చిన్న నగరంలో. తర్వాత వియత్నాం, నైజీరియా, బోస్నియా యుద్ధాల వార్తలు పంపారు. 1992లో బోస్నియా రాజధాని సరయేవోలో కెమెరా ముందు మాట్లాడుతుండగానే మోర్టార్ గుండు ముక్కలు కడుపులో దిగాయి. కోలుకుని మళ్లీ బోస్నియాకే వెళ్లారు. తెల్ల సూట్ తనకు కలిసొస్తుందని ఆయన నమ్మకం. 1997లో ఆ తెల్ల సూట్‌లోనే టాటన్ నియోజకవర్గంలో ఓట్లడిగారు. అప్పటికి ఎన్నికలకు నెల కూడా లేదు. అక్కడి కన్సర్వేటివ్ ఎంపీ మీద, సభలో ప్రశ్నలు వేయడానికి డబ్బు తీసుకున్నారన్న ఆరోపణలున్నాయి. లేబర్, లిబరల్ డెమోక్రాట్ పార్టీలు తమ అభ్యర్థులను తప్పించి బెల్‌కు దారిచ్చాయి. ఇండిపెండెంట్‌గా 11,077 ఓట్ల మెజారిటీతో గెలిచారు. 2001లో మరో చోట నిలబడి ఓడిపోయారు.

లెక్క చూడండి: విలేకరిగా 35 ఏళ్లు, ఎంపీగా నాలుగు. ఎన్నో ఏళ్లుగా టీవీలో చూసి నమ్మిన మనిషి కాబట్టే టాటన్ జనం ఓటేశారని నేననుకుంటాను. పాత్రికేయాన్ని పదవికి మెట్టుగా చూసేవాళ్లకి ఆ నమ్మకం దొరకదు. ఈ మాట అమ్మాయికి గట్టిగానే చెప్పండి.

చట్టం ఆమెకు అడ్డు కాదు. భారత పౌరురాలిగా ఉంటూనే పోటీ చేయొచ్చు, మనది కామన్వెల్త్ దేశం కాబట్టి. అయితే అక్కడ శాశ్వత నివాస హక్కు వచ్చి ఉండాలి, స్టూడెంట్ వీసా చాలదు. నామినేషన్‌కు పదిమంది ఓటర్ల సంతకాలు, 500 పౌండ్ల డిపాజిట్ కావాలి. ఓటు హక్కు మాత్రం విద్యార్థిగా ఇప్పుడే ఉంది. నమోదు చేసుకుందో లేదో కనుక్కోండి.

ఉద్యోగం విషయానికొస్తే, లండన్ ఛానెళ్ల కోసం ఎదురుచూడకుండా చిన్న ఊరి పత్రికకైనా వెళ్లమనండి. షార్ట్‌హ్యాండ్ నేర్చుకోమనండి. అక్కడి జర్నలిజం పరీక్షల్లో నిమిషానికి 100 పదాల వేగాన్ని ఇప్పటికీ గొప్పగా చూస్తారు. కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) సమావేశాల్లో, కోర్టుల్లో కూర్చుని రాయాలి. రోడ్డు గుంతల దగ్గర్నుంచి ఇళ్ల అద్దెల దాకా జనం గోడు వినబడేది అక్కడే.

ఈసారి ఫోన్ చేసినప్పుడు ఎంపీ సంగతి ఎత్తకండి. షెఫీల్డ్ కౌన్సిల్ సమావేశానికి ఎప్పుడైనా వెళ్లావా, అక్కడేం విన్నావని అడగండి.