కొత్తింటి గోడకు పగుళ్లు: చిట్టీ పాడాలా, ఇల్లు అమ్మాలా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, మా ఆయన రైస్ మిల్లులో మేనేజర్. ఇద్దరికీ కలిపి నెలకు 78 వేలు వస్తాయి. మొన్న మాఘంలో 46 లక్షలకు ఇల్లు కొన్నాం. ఒకే బిల్డర్ వరుసగా నాలుగు ఇళ్లు కట్టి అమ్మాడు. 32 లక్షలు బ్యాంకు లోను, 20 ఏళ్లకు, 8.5 శాతం వడ్డీ. రెండో నెలకే గోడల మీద సన్నటి పగుళ్లు కనిపించాయి. వానలు మొదలయ్యాక వెనక బెడ్‌రూంలో చెమ్మ దిగింది. రాత్రి రెండింటికి లేచి ఫోన్ లైటుతో గోడలు చూస్తున్నాను. ప్లాస్టరింగ్ మొత్తం గీకి మళ్లీ చేసి, స్లాబ్ మీద వాటర్‌ప్రూఫింగ్ వేయాలని, ఆరు లక్షలవుతుందని ఒక మేస్త్రీ చెప్పాడు. పర్సనల్ లోన్ తీసుకోవాలా, నెలకు పదివేలు కట్టే 5 లక్షల చిట్టీ పాడాలా, ఇల్లే అమ్మేయాలా? చేతిలో 1.4 లక్షల ఎఫ్‌డీ ఒక్కటే ఉంది.

జవాబు: ఆ మూడింట్లో ఏదీ ఇప్పుడు వద్దమ్మా. ముందు అప్పు లెక్క చూద్దాం. మీ ఇంటి ఈఎంఐ దాదాపు 27,770. ఆరు లక్షల పర్సనల్ లోన్ 14 శాతానికి ఐదేళ్లకు తీసుకుంటే నెలకు ఇంకో 13,960. చిట్టీ పదివేలు ఎలాగూ ఉంది. అంటే 78 వేలల్లో దాదాపు 51,700 ఒకటో తారీఖునే పోతాయి. ఐదేళ్లలో పర్సనల్ లోన్ వడ్డీయే దాదాపు 2.38 లక్షలు. ఇదంతా ఒక్క మేస్త్రీ నోటిమాట మీద. పని చేసి డబ్బు తీసుకునే మనిషినే జబ్బేంటని అడిగితే ఆయనకు ప్రతి గోడా జబ్బుగానే కనిపిస్తుంది. ఆయన తప్పు కాదు, ఆయన బతుకుతెరువు అది.

నా సంగతి చెబుతాను. మహబూబ్‌నగర్‌లో నేను ఇల్లు కొన్న మొదటి వానాకాలం హాలు గోడ కింద నుంచి పైదాకా తడిసింది. భయపడి నలభై వేలు పెట్టి గోడకంతా వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేయించాను. మరుసటి వానకు బుడగలొచ్చి పెచ్చులుగా ఊడింది. చివరికి చూస్తే స్లాబ్ మీద నీళ్లు పోయే పైపు మూతికి ఓ పాలిథిన్ కవరూ, వేపాకులూ అడ్డం పడి ఉన్నాయి. నీళ్లు నిలిచి పారపెట్ గోడ మొదట్లోంచి లోపలికి దిగుతున్నాయి. కవరు తీసి, ఆ మూలన రెండు అడుగుల మేర సిమెంటు గుండ్రంగా మెత్తించడానికి పదిహేను వందలైంది. డబ్బు సలహాలు చెప్పే నేనే అలా చేశాను కాబట్టి మీ కంగారు నాకు కొత్త కాదు.

పగుళ్లన్నీ ఒకటి కావు. ప్లాస్టరింగ్ ఆరేటప్పుడు వచ్చే వెంట్రుకంత గీతలు మొదటి ఏడాదిలో దాదాపు ప్రతి ఇంట్లో ఉంటాయి. పిల్లర్‌కూ ఇటుక గోడకూ మధ్య నిలువుగా గీత పడిందంటే, ప్లాస్టరింగ్ ముందు ఆ అతుకు మీద కోడివల జాలీ కొట్టకపోయి ఉండొచ్చు. చూడ్డానికి బాగుండదు, అంతే. కిటికీ, తలుపు మూలల నుంచి ఏటవాలుగా పోయేవీ, మూడు మిల్లీమీటర్లకు మించి వెడల్పున్నవీ, గోడకు రెండు వైపులా ఒకేచోట కనిపించేవీ, బీమ్ మీద పడినవీ అయితే ఆగకుండా ఇంజనీరును పిలవాలి. మీ దగ్గర ఇంకో విషయం ఉంది. సాగర్ ఎడమ కాలువ కింద వరి మళ్లు పూడ్చి చేసిన ప్లాట్లు మిర్యాలగూడ చుట్టుపక్కల కొత్త కాదు. పోసిన మట్టి సరిగ్గా దిమ్మిస కొట్టకపోతే కుంగుతుంది. కింద నల్లరేగడి ఉంటే వానకు ఉబ్బి ఎండకు ముడుచుకుంటుంది, పగుళ్లూ దాంతోపాటే మూసుకుని తెరుచుకుంటాయి. మీ ప్లాటు ఇదివరకు ఏమిటో పక్కనున్న పాతవాళ్లను అడగండి.

ఒక నోటుబుక్కు పెట్టండి. ప్రతి పగులు రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో అడ్డగీత గీసి తారీఖు రాయండి. పెద్దదానికి అడ్డంగా వేలెడంత వైట్ సిమెంటు పట్టీ వేయండి. పట్టీ చిట్లితే పగులు ఇంకా కదులుతోందని అర్థం. స్వాతి కార్తె దాకా ఆదివారం పొద్దున ఇరవై నిమిషాలు చూడండి, మిగతా రోజుల్లో వద్దు. రాత్రి ఫోన్ లైటు పక్కవాటుగా పడితే నున్నటి గోడ కూడా గుట్టలూ లోయల్లా కనబడుతుంది. ఇంకో రెండు వారాలైనా నిద్ర పట్టకపోతే 14416కు ఫోన్ చేయండి, అది టెలీ మానస్, మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఇందులో మొహమాటం ఏమీ లేదు.

ఎఫ్‌డీలోంచి పదివేలు మాత్రం తీయండి. రిపేరు పనులు చేయని సివిల్ ఇంజనీరుతో, రిటైరైన ఆర్ అండ్ బీ ఆయన దొరికితే మరీ మంచిది, ఒక్కసారి చూపించి రాతపూర్వకంగా తీసుకోండి. ఆ కాగితం బిల్డర్‌తో మాట్లాడ్డానికీ పనికొస్తుంది.

బిల్డర్‌ను ముందు మామూలుగానే పిలవండి, మిగతా మూడు ఇళ్లవాళ్లను కూడా కలుపుకుని. ఒప్పుకున్నవన్నీ వాట్సాప్‌లో రాయించుకోండి. వినకపోతే ఫొటోలతో రిజిస్టర్డ్ పోస్టు. రెరా, అంటే ఇళ్లు కట్టి అమ్మేవాళ్లను నియంత్రించే రియల్ ఎస్టేట్ చట్టంలో, ఇల్లు అప్పగించిన ఐదేళ్లలోపు బయటపడ్డ నిర్మాణ లోపాలను 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలని ఉంది. కానీ 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 598 గజాలు దాటని స్థలానికీ, ఎనిమిది ఇళ్లు దాటని వాటికీ రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మీ నాలుగిళ్లది బహుశా ఆ కోవే. అప్పుడు నల్గొండలోని జిల్లా వినియోగదారుల కమిషన్ దారి చూడాలి. గొడవ మొదలైన రెండేళ్లలోపు వేయాలి. 20 నుంచి 50 లక్షల మధ్య కొనుగోలుకు ఫీజు వెయ్యి రూపాయలు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి అడగొచ్చు. ఒక చేదు మాట: మీరు 46 లక్షలిచ్చి కాగితం మీద తక్కువ చూపించి ఉంటే, ఆ పైడబ్బుకు మీ దగ్గర రుజువు ఉండదు. మన ఊళ్లలో అందరూ చేస్తారు, ఇలాంటప్పుడే తెలుస్తుంది.

అమ్మకం సంగతి. రిజిస్ట్రేషన్‌కు కట్టిన 7.5 శాతం తిరిగి రాదు. కొనేవాళ్లు పగుళ్లు చూపించి బేరం ఆడతారు, మధ్యవర్తి కమీషన్ వేరు. ఇంజనీరు పునాదే బాగాలేదంటే తప్ప ఆ ఊసెత్తకండి. చిట్టీ కూడా ఇప్పుడు పాడొద్దు. మీకు అర్జెంటని తెలిస్తే పాట ఎంతదాకా పోతుందో మీకు నేను చెప్పాలా! చివర్లో ఎత్తుకుంటే పాటలో వదులుకోవాల్సిన ఆ డబ్బు మీకే మిగులుతుంది. నిజంగా పెద్ద పని తేలితే హోమ్ లోన్ మీద టాప్ అప్, అంటే అదే లోను మీద అదనపు అప్పు, అడగండి, మామూలుగా పర్సనల్ లోన్ కంటే చవక. ఈలోగా నెలకు రెండు వేలు ఇంటి పేరున ఆర్‌డీ వేయండి. కొత్తదైనా పాతదైనా ఇల్లు ఏటా ఎంతో కొంత తింటుంది.

బెడ్‌రూం చెమ్మ మాత్రం ఆదివారం దాకా ఆగనక్కర్లేదు. రేపు ఎండ కాసినప్పుడు మీ ఆయన్ని స్లాబ్ ఎక్కించి ఆ మూలన పైపు మూతి చూడమనండి.