సాక్షి కోర్టులో చూపించే ధీమా కాదు, మొదటి రోజు అన్న మాట చూడండి

"కళ్ళారా చూసిన మనిషే కోర్టుకొచ్చి 'ఇతనే' అంటే అంతకన్నా పెద్ద సాక్ష్యం ఏముంటుంది?" అని ఒకరు నన్ను అడిగారు. ఒకప్పుడు నేనూ ఇదే మాట అనేవాణ్ణి. కానీ అలా బోనులో నిలబడి ఒక మనిషికేసి వేలు చూపించాను. ఆ మనిషి ఆ నేరం చేయలేదు.

రాత్రి పది దాటింది, ఆఫీసు నుంచి నడిచి వస్తున్నాను. నా ముందు పాతిక అడుగుల దూరంలో ఒకావిడ వెళ్తోంది. పక్క సందులోంచి ఒకడు వచ్చి, కత్తి చూపించి, ఆవిడ భుజానికున్న బ్యాగు లాక్కుని నా పక్కనుంచే పరిగెత్తాడు. మొత్తం పదిహేను సెకన్లు కూడా ఉండదు. ఆ కత్తి పిడికి నల్ల టేపు చుట్టి ఉంది, దాని కొస ఊడి వేలాడుతోంది, ఈ రోజుకీ బొమ్మ గీసి చూపించగలను. అంటే నా కళ్ళు ఎక్కడున్నాయో మీరే ఆలోచించండి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మనిషి చూసేది కత్తిని, మొహాన్ని కాదు. కానీ టేపు గురించి నన్ను ఎవరూ అడగలేదు, అందరికీ మొహమే కావాలి.

నాలుగు రోజుల తర్వాత స్టేషన్‌కి పిలిచి టేబుల్ మీద ఆరు ఫోటోలు పరిచారు. చాలాసేపు చూశాను. ఇతను కాదు, ఇతనూ కాదు అనుకుంటూ ఒక్కొక్కరినీ తీసేస్తూ వచ్చి చివరికి "నాలుగోవాడు కావచ్చండీ" అన్నాను. ఎదురుగా ఉన్న అధికారి మొహం వెలిగిపోయింది. "బాగా గుర్తుపట్టారు సార్, మాకూ వాడి మీదే అనుమానం" అన్నాడు. పెద్ద బరువు దిగినట్టయింది నాకు. కాగితం మీద మాత్రం "సాక్షి నాలుగో ఫోటోలోని వ్యక్తిని గుర్తించారు" అని రాశారు. నేను అన్న 'కావచ్చు' అందులో లేదు. సంతకం పెట్టేశాను.

ఇక ఆ రోజు నుంచి కళ్ళు మూసుకుంటే సందులోంచి వచ్చేది ఆ ఫోటోలో మొహమే. వాయిదాల మీద వాయిదాలు పడి ఏడాదిన్నర తర్వాత నా వంతు వచ్చేసరికి 'కావచ్చు' కాస్తా 'నూటికి నూరుపాళ్లు ఇతనే' అయింది. నేను అబద్ధం ఆడలేదు, మనస్ఫూర్తిగా నమ్మే చెప్పాను. డిఫెన్స్ లాయరు ఎంత గుచ్చి గుచ్చి అడిగినా తడబడలేదు. ఆ తర్వాత ముద్దాయి పనిచేసే గోదాము కెమెరా రికార్డింగు కోర్టుకు వచ్చింది. సరిగ్గా ఆ టైముకి అతను లారీలోంచి పెట్టెలు దింపుతున్నాడు. కేసు కొట్టేశారు. అప్పటికే, బెయిలు దొరికేలోపు, ఎనిమిది నెలలు జైల్లో గడిపాడు. వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని వరండాలో నా ముందు నుంచే వెళ్ళిపోయాడు.

అప్పటి నుంచీ దీని మీద దొరికిందల్లా చదివాను. అమెరికాలోని నార్త్ కరోలైనాలో 1984లో జెన్నిఫర్ థాంప్సన్ అనే విద్యార్థిని మీద అత్యాచారం జరిగింది. నాలా కాదు, ఎలాగైనా వాణ్ణి పట్టించాలని ఆవిడ పట్టుదలగా మొహాన్నే చూసింది. అయినా ఫోటోల్లోనూ, వరసగా నిలబెట్టిన మనుషుల్లోనూ రొనాల్డ్ కాటన్ అనే నిర్దోషినే చూపించింది. రెండోసారి విచారణ జరిగినప్పుడు అసలు నేరస్థుణ్ణి ఎదురుగా తెచ్చి నిలబెడితే, ఇతన్ని ఎప్పుడూ చూడలేదంది. 1995లో డీఎన్‌ఏ పరీక్ష తేల్చేదాకా కాటన్ పదేళ్లకు పైగా జైల్లోనే ఉన్నాడు. అక్కడ డీఎన్‌ఏతో నిర్దోషులని తేలిన కేసుల్లో దాదాపు మూడింట రెండు వంతుల్లో సాక్షి తప్పు మనిషిని చూపించడం ఒక కారణం.

'బాగా గుర్తుపట్టారు' అన్న ఒక్క మాట ఎంత పని చేస్తుందో 1998లో గ్యారీ వెల్స్, ఎమీ బ్రాడ్‌ఫీల్డ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రయోగం చేసి మరీ చూపించారు. వీడియో చూపించి, అందులోని మనిషి అసలు లేనే లేని ఫోటోల్లోంచి ఒకరిని ఎంచుకోమన్నారు. అంటే ఎవరిని ఎంచుకున్నా తప్పే. తర్వాత కొందరితో మాత్రం సరిగ్గా చెప్పారన్నారు. వాళ్ళకి ధీమా పెరగడం ఒక్కటే కాదు, మొహం బాగా కనిపించిందనీ, శ్రద్ధగా చూశామనీ కూడా చెప్పుకొచ్చారు! అది చదివినప్పుడు నా వాంగ్మూలమే చదువుతున్నట్టు అనిపించింది.

అందుకే ఇంకే ఆధారమూ లేకుండా ఒక్క సాక్షి గుర్తింపు మీదే శిక్ష వేయకూడదు, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. అనుమానితుడు ఎవరో తెలియని అధికారే ఫోటోలు చూపించాలి. అసలు వాడు వీటిలో లేకపోవచ్చని ముందే చెప్పాలి. ఇది పైసా ఖర్చు లేని పని, ఎందుకు చేయరో నాకు అర్థం కాదు. రేపు మీరే సాక్షి అయితే, మీ నోటి నుంచి 'కావచ్చు' అన్న మాట వస్తే, దాన్ని అలాగే రాయించి, ఒకసారి చదువుకుని, అప్పుడు సంతకం పెట్టండి.