పెళ్లయ్యాక కొందామని ఆపిన మంచం

ప్రశ్న: నాకు ఇరవై తొమ్మిదేళ్లు. మాది సూర్యాపేట దగ్గర పల్లె. ఆరేళ్లుగా హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మూడేళ్లు హాస్టల్లో ఉన్నాక కూకట్‌పల్లిలో చిన్న పోర్షన్ అద్దెకు తీసుకున్నాను. జీతం బాగానే వస్తుంది. నాతో చదివినవాళ్లందరికీ పెళ్లిళ్లయ్యాయి. అమ్మ రోజూ ఫోన్ చేసి సంబంధాల సంగతే మాట్లాడుతుంది. ముప్పై దాటితే పిల్లలు కష్టమంటుంది. నిజం చెప్పాలంటే నాకు ఒక్కదాన్నే ఉండటం ఇష్టమే. ఆదివారం పొద్దున అబిడ్స్ వెళ్లి ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొనుక్కుంటాను. ఒక్కదాన్నే సినిమాకు వెళ్తాను. మూర మల్లెపూలు కొని జడలో పెట్టుకుంటాను. కానీ ఇంటికొచ్చాక ఏదో తప్పు చేసినట్టు ఉంటుంది. డేటింగ్ యాప్‌లో పరిచయమైన ఒకతన్ని నాలుగు నెలలుగా కలుస్తున్నాను. మంచివాడే. మన సంగతి ఏమిటని అడిగితే ‘ఇప్పుడే ఎందుకు, చూద్దాం’ అంటాడు. అతను ఫోన్ చేస్తాడేమోనని శనివారాలు ఏ పనీ పెట్టుకోను. మొన్న వానాకాలంలో జ్వరమొచ్చి మూడు రోజులు పడుకుంటే మంచినీళ్లిచ్చే దిక్కు లేదు. ఇంట్లో మంచం కూడా లేదు. పెళ్లయ్యాక ఎలాగూ కొంటాం కదా అని నేల మీద పరుపు వేసుకునే గడిపేస్తున్నాను. నేను చేస్తున్నది తప్పా? 
– ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అమ్మ, వయసు, అతను – మీరు సమస్యలుగా రాసినవి ఇవి. నా మనసు మాత్రం మీరు చివర్లో మామూలుగా రాసేసిన మంచం దగ్గర ఆగిపోయింది. ఆరేళ్ల ఉద్యోగం, సొంత సంపాదన, తాళంచెవి మీ చేతిలోనే ఉన్న ఇల్లు. అయినా మూడేళ్లుగా నేల మీద పడుకుంటున్నారు. డబ్బు లేక కాదు, మంచం కొనే వేళ ఇంకా రాలేదనుకుని.

ఇమ్లీబన్ బస్టాండులో సూర్యాపేట బస్సు కోసం కూర్చున్నవాళ్లు బ్యాగు విప్పి బట్టలు సర్దుకోరు కదా. కాసేపట్లో వెళ్లిపోతాం అనుకుంటారు. మీరు మీ ఇంట్లో అలా కూర్చుని ఉన్నారనిపించింది. అసలు బతుకు పెళ్లితో మొదలవుతుంది, అప్పటిదాకా ఇది కాలక్షేపం అనే లెక్క మీ లోపల ఎక్కడో ఉండిపోయింది. సంతోషంగా గడిపి ఇంటికొచ్చాక తప్పు చేసినట్టు అనిపించేది అందుకే. బస్సు కోసం చూడాల్సిన మనిషి పక్క వీధిలో తిరిగొచ్చినట్టు అన్నమాట. మీరు తప్పేమీ చేయడం లేదు. ఆ మాట ముందు చెప్పేస్తున్నాను, మీరు అడిగింది అదే కాబట్టి.

మల్లెపూల సంగతి చూడండి. పెళ్లికాని అమ్మాయి, పండుగ కూడా లేని రోజు, తనకు తాను మూర పూలు కొనుక్కుంటే ‘ఎవరి కోసం’ అని అడగటం మనకు అలవాటు. బయట ఎవరూ అడగకపోతే మనమే లోపల అడుగుతాం. మీది బతుకమ్మ ఆడే ఊరు. తంగేడు, గునుగు, బంతి వరుసలు పేర్చేటప్పుడు ఇవి ఎవరి కోసమని మీ ఊళ్లో ఎవరైనా అడిగారా? పూలంటే మీకు ఇష్టం చిన్నప్పుడే మొదలైంది. మధ్యలో దానికి ఒక మగమనిషిని కారణంగా చూపించడం మనకు మనం నేర్చుకున్న పని.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, అంటే ముప్పై ఏళ్ల కిందట, నారాయణగూడలో లేడీస్ హాస్టల్లో ఉండేదాన్ని. అప్పట్లో ఇరానీ హోటల్‌కి ఆడవాళ్లు వెళ్తే పక్కన ‘ఫ్యామిలీ రూమ్’ అని ఉండేది, అందులోకి పంపేవాళ్లు. ఒక్కదాన్నే ముందు బల్ల దగ్గర కూర్చుని చాయ్ తాగాలని నాకు ఎంతో ఉండేది. ధైర్యం చేయడానికి రెండేళ్లు పట్టింది. ఆ రోజు తిన్న ఉస్మానియా బిస్కెట్ ఉప్పూ తీపీ కలిసిన రుచి ఇప్పటికీ గుర్తుంది. ఇప్పుడు మీరు సినిమా హాల్లోకి ఒక్కరే నడుస్తున్నారంటే నాకు నిజంగా సంతోషంగా ఉంది. హోటల్లో ‘ఎంతమంది మేడం?’ అంటే ‘ఒక్కరే’ అని చెప్పండి. ‘ఒక్కరేనా?’ అని మళ్లీ అడిగితే మళ్లీ అదే మాట చెప్పండి. సంజాయిషీ అక్కర్లేదు.

ఇక అతని విషయం. ఇది కాస్త పొడుగ్గా రాస్తాను.

‘మంచివాడే’ అని రాశారు. కావచ్చు. నాలుగు నెలల తర్వాత కూడా ‘చూద్దాం’ అంటున్నవాళ్లలో చాలామంది చెడ్డవాళ్లు కారు. వాళ్లకు మీతో గడపడం బాగుంటుంది, నిర్ణయం తీసుకోవడం బాగుండదు. నా దగ్గరికి వచ్చే అమ్మాయిల్లో ఎక్కువమంది రెండు మూడేళ్లు ఆగాక వినే మాట ఒకటుంది: ‘మా ఇంట్లో ఒప్పుకోరు.’ ఆ ‘ఇంట్లో’ అనే మాట వెనక చాలాసార్లు కులం ఉంటుంది, కట్నం ఉంటుంది, ఊళ్లో ముందే అనుకున్న మేనమామ కూతురు ఉంటుంది. అవన్నీ అతనికి మొదటి రోజు నుంచీ తెలుసు. తెలిసీ చెప్పకపోవడం వల్ల అమ్మాయికి పోయేది సంవత్సరాలు. అందుకని అడగాల్సిన ప్రశ్న ‘నన్ను ప్రేమిస్తున్నావా’ అన్నది కాదు. దానికి ఎవరైనా అవునంటారు. ఇలా అడగండి: ‘నా గురించి మీ ఇంట్లో చెప్పే ఉద్దేశం ఉందా? ఉంటే ఎప్పుడు? మా కులం, మా ఊరు తెలిశాక మీవాళ్లు ఏమంటారని నీకు అనిపిస్తుంది?’ పగటిపూట, ఇద్దరూ ప్రశాంతంగా ఉన్నప్పుడు, ఎదురుగా కూర్చుని అడగండి. మెసేజ్‌లో వద్దు. జవాబు కోసం అతనికి రెండు వారాలివ్వండి. అప్పుడు కూడా ‘చూద్దాం’ అనే వస్తే, అదే అతని జవాబు అనుకోండి.

అతనికి పెళ్లి ఉద్దేశం లేదని తేలవచ్చు. మీకూ ప్రస్తుతం లేకపోవచ్చు. అలాంటి స్నేహం తప్పని నేను అనను. ఆ సంగతి ఇద్దరికీ ఒకేలా తెలిసి ఉండాలి, అంతే. ఒకరు ఎదురుచూస్తూ, ఇంకొకరు హాయిగా ఉండే స్నేహం ఎదురుచూసేవాళ్లను తినేస్తుంది.

కానీ ఈ ప్రశ్న రేపే అడగకండి. ముందు మీ శనివారాలు వెనక్కి తెచ్చుకోండి. ఖాళీగా ఉంచిన శనివారం ముందు కూర్చుని అడిగితే, అతను ఏం చెప్పినా సరేననేస్తారు, ఎందుకంటే కాదంటే ఆ రోజంతా ఖాళీయే మిగులుతుంది. ఒక నెల పాటు శుక్రవారానికల్లా శనివారం సాయంత్రానికి ఏదో ఒకటి పెట్టుకోండి. బంజారాహిల్స్‌లో లామకాన్ ఉంది, నాటకాలు, పాటలు, చర్చలు జరుగుతుంటాయి. ఒక్కరే వెళ్లి కూర్చున్నా ఎవరూ తేరిపార చూడరు. రవీంద్రభారతిలో ఆ రోజు ఏముందో చూడండి. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి ఇప్పటిదాకా వెళ్లకపోతే ఒకసారి వెళ్లండి, పుస్తకాలంటే అంత ఇష్టమున్న మనిషి కదా. ఇంట్లో ఉండిపోవాలనిపిస్తే ఉండిపోండి, తలంటు పోసుకుని పప్పుచారు పెట్టుకుని పడుకోండి. అది కూడా ముందే అనుకున్న కార్యక్రమం కావాలి. అతను ఫోన్ చేస్తే ‘ఈ శనివారం నాకు పనుంది, ఆదివారం సాయంత్రం కలుద్దాం’ అనండి. ఆ మాట విని అతను ఏం చేస్తాడో చూస్తే సగం జవాబు మీకు అక్కడే దొరుకుతుంది.

ఇంకో రెండు సంగతులు త్వరగా చెప్తాను. ఈ నాలుగు నెలల్లో అతని స్నేహితుల్లో ఒక్కరినైనా కలిశారా? అతను పనిచేసే చోటు, ఉండే ఇల్లు నిజమని మీకు తెలుసా? పండుగ రోజుల్లో, రాత్రి తొమ్మిది తర్వాత ఫోన్ ఎత్తుతాడా? వీటిలో ఏదీ లేకపోతే అతనికి ఇంకో సంసారం ఉందేమో అని అనుమానించడం మీ తప్పు కాదు. రేపు ఇంకొకరిని కలిసినా మొదటి రెండు మూడుసార్లు జనం ఉన్న చోట, పగలే కలవండి. మీ బండి మీదో మెట్రోలోనో వెళ్లి అలాగే తిరిగి రండి. ఒక స్నేహితురాలికి లైవ్ లొకేషన్ పెట్టండి. డబ్బు అడిగితే ఎంత చిన్న మొత్తమైనా ఇవ్వకండి. మోసపోతే సిగ్గుపడి ఆగకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఫొటోలతో బెదిరిస్తే షీ టీమ్స్‌కి, అంటే ఆడవాళ్ల రక్షణ కోసం ఉన్న పోలీసు బృందాలకు చెప్పండి. 2014 నుంచి ఈ ఊళ్లో పనిచేస్తున్నారు, ఫిర్యాదు చేసిన అమ్మాయి వివరాలు గోప్యంగా ఉంచుతారు.

అమ్మ గురించి. ఆవిడ రోజూ సంబంధాలే మాట్లాడుతుందంటే, మీ రోజు ఎలా గడుస్తుందో ఆవిడకు కనపడకపోవడం వల్ల అని నాకు అనిపిస్తుంది. ఊళ్లో కూర్చున్న తల్లికి హైదరాబాద్‌లో ఒంటరి కూతురంటే చీకటి గది లాంటి ఊహే వస్తుంది. నేను పోయాక దీనికి ఎవరు అన్నదే ఆవిడ భయం, పెళ్లి అనేది ఆ భయానికి ఆవిడకు తెలిసిన ఒకే మందు. వాదించి ఆ భయం తీయలేరు. వారం రోజులు తీసుకొచ్చి మీ దగ్గర ఉంచుకోండి. మహాలక్ష్మి పథకం 2023 డిసెంబరులో వచ్చినప్పటి నుంచీ ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు, ఆధార్ కార్డు పట్టుకుని ఎక్కితే చాలు. జనవరిలో అయితే మరీ మంచిది, నాంపల్లి నుమాయిష్ ఎగ్జిబిషన్ ఏటా జనవరి మొదట్లో మొదలై దాదాపు నెలన్నర ఉంటుంది. గాజులు, దుప్పట్లు, మిర్చి బజ్జీలు, ఆవిడ చేయి పట్టుకుని తిప్పండి. మీరు కూర ఎక్కడ కొంటారో, కింద పోర్షన్ ఆవిడ మిమ్మల్ని ఎలా పలకరిస్తుందో చూడనివ్వండి. మెట్రోలో ఒక్కసారి మీతో ఆఫీసు దాకా రానివ్వండి.

ఆ తర్వాత ఫోన్ల సంగతి చెప్పండి: ‘అమ్మా, సంబంధాల ముచ్చట ఆదివారం పది నిమిషాలు మాట్లాడుకుందాం, నేను వింటా. మిగతా రోజులు చేను ఎట్లుందో, చిన్నమ్మ ఎట్లుందో చెప్పు.’ మొదట్లో ఆవిడ మరిచిపోతుంది, నొచ్చుకుంటుంది కూడా. కోప్పడకుండా మళ్లీ గుర్తు చేయండి. ఆదివారం ఆ పది నిమిషాలు మాత్రం తప్పించుకోకండి, నిజంగా వినండి. సంబంధాలు చూడటం వద్దని నేను అనడం లేదు. నచ్చిన అబ్బాయి ఆ దారిలోనే రావచ్చు. మాట్లాడేటప్పుడు మీ ఆదివారం అబిడ్స్ ప్రయాణం గురించి చెప్పి చూడండి. ‘పెళ్లయ్యాక అవన్నీ ఎందుకు’ అంటాడో, ‘ఏం పుస్తకాలు దొరుకుతాయి’ అని అడుగుతాడో వినండి.

పిల్లల విషయంలో అమ్మ చెప్పింది సగం నిజం. వయసుతో పాటు గర్భం వచ్చే అవకాశం తగ్గే మాట వాస్తవం, ముప్పై అయిదు దాటాక ఆ తగ్గడం ఎక్కువవుతుంది. ముప్పయ్యో పుట్టినరోజు నాడు తలుపు మూసుకుపోదు. పిల్లలు కావాలని మీకు గట్టిగా ఉంటే ఒకసారి గైనకాలజిస్టును కలిసి మీ ఆరోగ్యం ఎలా ఉందో తెలుసుకోండి. ఆ భయంతో మాత్రం ఎవరికో ఒకరికి తలూపకండి.

జ్వరం వచ్చిన మూడు రోజుల గురించి చదువుతుంటే నాకు గొంతు పట్టేసింది. ఒంటరిగా ఉండటం ఎంత ఇష్టమైనా అలాంటి రాత్రి భయపెడుతుంది, దాన్ని చిన్నది చేయను. ఈ వారమే మీ పోర్షన్ తాళంచెవి ఇంకొకటి చేయించి నమ్మకమైన ఒకరికి ఇవ్వండి. కింద పోర్షన్ ఆవిడైనా సరే, నడిచి వచ్చేంత దూరంలో ఉన్న కొలీగ్ అయినా సరే. వాళ్లకు నలతగా ఉన్నప్పుడు మీరు జావ కాచి తీసుకెళ్లండి. ఇలాంటి ఇచ్చిపుచ్చుకోవడం అవసరం వచ్చాక మొదలుపెడితే కుదరదు, ఒంట్లో బాగున్నప్పుడే మొదలుపెట్టాలి. ఆఫీసు వాళ్ల ఆరోగ్య బీమా కార్డు, దగ్గర ఆసుపత్రి నంబరు ఫ్రిజ్ మీద అంటించండి. ఆదివారం సాయంత్రం దిగులు మామూలే. అది రెండు వారాలు దాటి రోజూ ఉంటున్నా, నిద్ర, ఆకలి పోయినా 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, ఎప్పుడైనా చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

మంచం ఈ నెల జీతం రాగానే కొనండి. మీకు నచ్చిన వెడల్పుది తీసుకోండి, రేపు ఎవరొస్తారు, చాలుతుందా అని లెక్కలు వేయకండి. వెళ్లే ముందు గది కొలతలతో పాటు మెట్ల మలుపు కూడా టేపుతో కొలుచుకోండి. కూకట్‌పల్లి అద్దె ఇళ్లలో మెట్లు ఇరుగ్గా ఉంటాయి, ఒకే ముక్కగా వచ్చే మంచం ఆ మలుపు దగ్గర తిరగదు. బోల్టులు విప్పితే విడివిడిగా వచ్చేది అడగండి. కింద సొరుగులు ఉన్నది దొరికితే మీ అబిడ్స్ పుస్తకాలు కొన్ని అందులో పడతాయి.