నాన్నతో కలిసి స్పోర్ట్స్ కారు తయారుచేయాలి, ఇంటి కోసం దాచిన డబ్బు తీయొచ్చా?

ప్రశ్న: మాది విజయవాడ. ఆరేళ్లుగా ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో ఉద్యోగం చేస్తున్నాను. వయసు 32. నాన్నగారు ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా రిటైరయ్యారు. వచ్చే ఏప్రిల్‌లో వచ్చి ఆరు నెలలు మా దగ్గర ఉంటారు, ఇంకా పది నెలల టైముంది. ఆయనతో కలిసి ఒక తేలికపాటి స్పోర్ట్స్ కారును మా గ్యారేజీలోనే బిగించాలని నా కోరిక. విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకునే కేటర్‌హామ్ సెవెన్ కారు కిట్‌కు ఆప్షన్లతో కలిపి 38 వేల పౌండ్లు అవుతుందట. మొదటి ఇంటి కోసం ప్రభుత్వ బోనస్‌తో దాచుకునే ఖాతా, లైఫ్‌టైమ్ ఐసాలో 20 వేలున్నాయి, అందులో 4 వేలు ప్రభుత్వ బోనస్. వడ్డీ మీద పన్ను పడని పొదుపు ఖాతా, క్యాష్ ఐసాలో 14 వేలున్నాయి. లైఫ్‌టైమ్ ఐసాలో వేసేది పోగా నెలకు 750 మిగులుతుంది. ఇంటి ఖర్చు నెలకు 2,300. నాన్నగారు 2024లో సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో వేసిన 15 లక్షలు తీసి ఇస్తానంటున్నారు. రెండేళ్లలో ఇల్లు కొనాలనుకున్నాం. అది వెనక్కి పోతుందేమోనని మా ఆవిడకు టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: కారు చేయండి. నాన్నగారికి ఓపిక ఉన్నప్పుడే చేయండి. అయితే 38 వేల కారు వద్దు, లైఫ్‌టైమ్ ఐసా డబ్బూ, నాన్నగారి డిపాజిట్టూ ముట్టుకోవద్దు.

ముందు లైఫ్‌టైమ్ ఐసా సంగతి. మొదటి ఇంటికి గానీ, 60 ఏళ్లు నిండాక గానీ కాకుండా వేరే అవసరానికి తీస్తే, తీసిన మొత్తం మీద 25 శాతం కోత పడుతుంది. బోనస్ ఇచ్చింది 25 శాతమే కదా, అది వెనక్కి తీసుకుంటారు, అంతే కదా అని చాలామంది అనుకుంటారు. లెక్క వేసి చూడండి. 20 వేలలో 25 శాతం 5 వేలు. చేతికొచ్చేది 15 వేలు. మీరు జేబులోంచి వేసింది 16 వేలు. బోనస్ మొత్తం పోవడమే కాక మీ సొంత డబ్బు వెయ్యి పౌండ్లు కూడా పోతుంది. కారులో ఒక్క బోల్టు బిగించకముందే ఈ నష్టం.

నాన్నగారి 15 లక్షల విషయం ఇంకా సున్నితమైనది. ఆ స్కీములో 8.2 శాతం వడ్డీకి ఆయనకు మూడు నెలలకోసారి 30,750 రూపాయలు వస్తున్నాయి. ఆర్టీసీలో రిటైరైనవాళ్లలో చాలామందికి ఈపీఎస్ పెన్షన్ కింద వచ్చేది కొద్ది వేలే. కాబట్టి ఆయన మందులు, కరెంటు బిల్లు, పెళ్లిళ్లకు పేరంటాలకు పెట్టే ఖర్చు ఈ వడ్డీ మీదే నడుస్తూ ఉండొచ్చు. గడువుకు ముందే ఖాతా మూసేస్తే రెండేళ్లు దాటినా అసలులో 1 శాతం, అంటే 15 వేలు కోస్తారు. ఆ తర్వాత ఆ డబ్బు ఇక్కడికి పంపడానికి 10 లక్షలు దాటిన భాగం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్, అంటే ముందుగానే వసూలు చేసే ఆదాయపు పన్ను, పట్టుకుంటుంది. 15 లక్షలు పంపితే లక్ష రూపాయలు అక్కడ ఆగిపోతాయి. రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు, కానీ అందాకా ఆ లక్ష ఆయన చేతిలో ఉండదు.

నాన్న ఇస్తానన్నప్పుడు ఒక్కసారిగా వద్దంటే ఆయన మనసు కష్టపడుతుంది. అందుకని ఒక ఖర్చు ఆయన పేరు మీద పెట్టండి. నాలుగు టైర్లు ఆయన కొనిపెట్టనివ్వండి. యాభై వేల రూపాయలకు అటూఇటూగా అవుతుంది, ఆయన డిపాజిట్ కదలదు.

ఇక కారు. కిట్ అంటే చవక అన్న పేరు ఎప్పటిదో. 1957లో లోటస్ కంపెనీ స్థాపకుడు కోలిన్ చాప్‌మన్ లోటస్ సెవెన్ తెచ్చినప్పుడు బ్రిటన్‌లో కొత్త కారు మీద పర్చేజ్ ట్యాక్స్ ఉండేది. విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకుంటే ఆ పన్ను పడేది కాదు. 1973లో వ్యాట్ వచ్చాక ఆ వెసులుబాటు పోయింది. ఆ డిజైన్ హక్కులు కేటర్‌హామ్ చేతికి వచ్చిందీ ఆ ఏడాదే. ఇప్పుడు కిట్ మీద కూడా 20 శాతం వ్యాట్ ఉంది. సెవెన్ మంచి కారే. తిరిగి అమ్మినా మంచి రేటు పలుకుతుంది. కానీ మీ సంపాదనకు, మీ ఇంటి ప్లానుకు అది సరిపడదు. ఇంకో మాట, కిట్‌లో అన్నీ కొత్త భాగాలు డబ్బాల్లో వస్తాయి. జీవితమంతా బస్సుల గేర్‌బాక్సులు దించి ఎక్కించిన మనిషికి అందులో చేయడానికి పెద్దగా పని ఉండదు.

దానికి బదులు పాత మాజ్డా ఎంఎక్స్-5 ఆధారంగా చేసే కిట్లు చూడండి. ఆ కార్లకు వెనక చక్రాల ముందు, తలుపుల కింద ఉండే సిల్స్ తుప్పు పడతాయి. ఏటా జరిగే ఫిట్‌నెస్ పరీక్ష ఎంఓటీలో అది ఫెయిలైతే వెల్డింగ్ ఖర్చుకు భయపడి ఓనర్లు చవగ్గా వదిలించుకుంటారు. ఇంజిన్, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ మాత్రం చాలాసార్లు గట్టిగానే ఉంటాయి. మీకు కావలసింది అవే. తుప్పు పట్టిన బాడీ ఎలాగూ తుక్కుకే పోతుంది. నాన్నగారు వచ్చాక మొదటి నెల ఆ కారు విప్పడమే పని. ఏ బేరింగ్ శబ్దం చేస్తోంది, ఏ బుష్ అరిగింది అన్నది ఆయన చేత్తో తిప్పి చూసి చెప్పే విషయాలు. మిగిలిన సీట్లు, టాప్, తలుపులు అమ్మితే కొంత డబ్బు వెనక్కి వస్తుంది. కారు కొనేటప్పుడు వీ5సీ అనే రిజిస్ట్రేషన్ పత్రం ఒరిజినల్ తప్పకుండా తీసుకోండి. ఇంజిన్ ఏ సంవత్సరానిదో రుజువు లేకపోతే పొగ పరీక్షలో కొత్త ప్రమాణాలు పెడతారు. పాత ఇంజిన్ వాటిని దాటడం కష్టం.

నేనైతే బడ్జెట్ ఇలా వేస్తాను. పాత కారుకు 1,500 పౌండ్లు. ఛాసిస్, ప్యానెళ్ల కిట్‌కు 5,500. బ్రేకులు, గొట్టాలు, వైరింగ్, పెయింట్ కలిపి 2,500. పనిముట్లు, ఇంజిన్ దించే క్రేన్ అద్దె 800. ఇంట్లో చేసిన కారు రోడ్డెక్కే ముందు జరిగే ప్రభుత్వ పరీక్షకు, రిజిస్ట్రేషన్‌కు 550. దీనికి ఒక 2 వేలు అదనంగా పక్కన పెట్టండి, ఎందుకంటే ఇలాంటి పనిలో అనుకోని ఖర్చు రాకుండా ఉండదు. మొత్తం 13 వేల లోపు. ఇవి నా అంచనాలు. ఆర్డర్ పెట్టే ముందు కొటేషన్లు తీసుకుని సరిచూసుకోండి.

క్యాష్ ఐసాలో 9 వేలు కదపకండి, అది దాదాపు నాలుగు నెలల ఇంటి ఖర్చు. పైన 5 వేలుంటాయి. నాన్నగారు వచ్చేలోగా నెలకు 750 చొప్పున 7,500 జమవుతుంది. అక్కడికి 12,500. పని జరిగే నెలల్లోనూ ఆ 750 వస్తూనే ఉంటుంది కాబట్టి పర్సనల్ లోన్ అక్కర్లేదు. ఇల్లు కొనబోయే ముందు లోన్ తీసుకుంటే ఆ నెలవారీ వాయిదా చూసి మార్ట్‌గేజ్ ఇచ్చే బ్యాంకు మీకిచ్చే మొత్తం తగ్గించే అవకాశం ఉంది.

మీ ఆవిడ టెన్షన్‌లో న్యాయం ఉంది. ఈ లెక్కన ఇల్లు ఏడాదికి పైగా వెనక్కి పోవచ్చు. ఆ మాట ఆమెతో ముందే కూర్చుని మాట్లాడండి. ఆమెకు 40 లోపు ఉండి, ఎప్పుడూ సొంత ఇల్లు లేకపోతే, ఈ వారమే ఆమె పేరున లైఫ్‌టైమ్ ఐసా తెరవండి. మొదటిసారి డబ్బు వేసిన 12 నెలల తర్వాతే ఇంటికి వాడనిస్తారు కాబట్టి కొద్దిగానైనా వేసి ఆ గడువు మొదలుపెట్టండి. 4.5 లక్షల పౌండ్లు మించని ఇల్లయితే ఇద్దరి ఖాతాలూ దానికే వాడుకోవచ్చు. ఇక్కడ మనవాళ్లు తరచూ పడే పొరపాటు ఒకటుంది. ఇండియాలో మీ పేరు మీద ఫ్లాటో, వాటా ఇల్లో ఉన్నా, ఇక్కడ మీరు కొనేది మొదటి ఇల్లు కింద లెక్కకు రాదు. నాన్నగారు విజయవాడ ఇల్లు మీ పేరున రాస్తానంటే మీ కొనుగోలు పూర్తయ్యేదాకా ఆగమనండి.

ఆరు నెలల్లో కారు పూర్తవుతుందని మాత్రం పెట్టుకోకండి. సగం బిగించిన కారును కొనేవాడు, పెట్టిన ఖర్చులో చిన్న భాగమే ఇస్తాడు. ఈ పనిలో అసలు డబ్బు పోయేది అక్కడే. అందుకే రెండు విడతలు అనుకోండి. ఈసారి విప్పడం, ఛాసిస్ చక్రాల మీద నిలబెట్టడం. మళ్లీ వచ్చినప్పుడు ఇంజిన్ స్టార్టు, వైరింగ్, పరీక్ష. ఐవీఏ అనే ఆ పరీక్షకు ఫీజు 450 పౌండ్ల దాకా ఉంటుంది, ఫెయిలైతే మళ్లీ పరీక్షకు విడిగా కొంత ఫీజు కట్టాలి. అందులో ఫెయిలయ్యేది ఎక్కువగా చిన్న విషయాల్లోనే. వంద మిల్లీమీటర్ల బంతి తగలగల ప్రతి బయటి అంచూ కనీసం రెండున్నర మిల్లీమీటర్ల గుండ్రంతో ఉండాలి. బోల్టు తలలకు ప్లాస్టిక్ టోపీలు పెట్టాలి. కారు మీరే చేశారనడానికి మొదటి రోజు నుంచి ఫొటోలు, రసీదులు దాచండి. పని మొదలైన రోజు నుంచే గ్యారేజీలోని సామానుకు బిల్డ్ ఇన్సూరెన్స్ తీసుకోండి. అద్దె ఇల్లయితే ఓనరు అనుమతి రాతపూర్వకంగా ఉండాలి.

అన్నిటికంటే ముందు నాన్నగారికి మెడికల్ ఇన్సూరెన్స్ తీసుకోండి. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకు ఎమర్జెన్సీ విభాగంలో చూసేంతవరకే ఉచితం. ఆస్పత్రిలో చేర్చుకుంటే ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ 150 శాతం రేటుతో బిల్లు వేస్తుంది. బీపీ, షుగర్ ఉంటే దాచకుండా రాసి, వాటికీ కవర్ ఉండే పాలసీయే కొనండి. ఇంజిన్ మోసేటప్పుడు నడుం పట్టేసినా చేతికి దెబ్బ తగిలినా క్లెయిమ్ వస్తుందో లేదో ముందే అడిగి, జవాబు మెయిల్లో తీసుకోండి. ఈ ప్రీమియం కారు బడ్జెట్లో కలపకండి. టికెట్ కొన్న రోజే విడిగా కట్టేయండి.