నీటి బుడగలు సరే, నిద్ర గురించి ఎవరైనా అడిగారా?

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. మాది ప్రొద్దుటూరు. డిగ్రీ అయ్యాక నంద్యాలలో బ్యాంకు కోచింగ్‌లో చేరాను. ఏడాదిన్నరగా పీరియడ్స్ సరిగా రావడం లేదు. పోయిన ఏడాది మొత్తం మీద మూడుసార్లే వచ్చాయి. 58 కిలోలు ఉండేదాన్ని 74 అయ్యాను. గడ్డం మీద వెంట్రుకలు, మెడ చుట్టూ నలుపు. స్కానింగ్ తీసి అండాశయాల్లో నీటి బుడగలున్నాయి, పీసీఓఎస్ అన్నారు, హార్మోన్ల తేడాతో నెలసరి తప్పే సమస్యట. ‘బరువు తగ్గు, పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయి’ అని పంపించారు. కోచింగ్ మధ్యలో ఆపేసి ఇంటికొచ్చి ఎనిమిది నెలలైంది. పుస్తకం తెరిస్తే అక్షరం ఎక్కదు. రాత్రి మూడింటి దాకా నిద్ర రాదు, పొద్దున లేవబుద్ధి కాదు. ఫ్రెండ్స్ ఫోన్ చేస్తే ఎత్తను. ఒక పెళ్లిలో మా మేనత్త అందరి ముందూ ‘ఏంమే, మీసాలొస్తాండాయి’ అని నవ్వింది. ఆ తర్వాత ఏ ఫంక్షన్‌కూ పోలేదు. నాయన నాది బద్ధకం అంటాడు. అమ్మ ఎవరికీ చెప్పొద్దంటుంది, మాత్రలు కూడా షీట్ల నుంచి తీసి పాత హార్లిక్స్ సీసాలో పోసి దాచింది. సంబంధాలు చూస్తున్నారు. వాళ్లకు చెప్పాలా, వద్దా? ఇది నిజంగా బద్ధకమేనా? ఒక్కోసారి రాత్రి పడుకుంటే తెల్లారి లేవకపోతే బాగుండు అనిపిస్తుంది. పేరు వేయకండి.

జవాబు: నా కూతురి ఈడుదానివి కాబట్టి నువ్వు అనే పిలుస్తాను. ‘పేరు వేయకండి’కి ముందు ఇరికించావే, ఆ వాక్యంతోనే మొదలుపెడతాను. ఉత్తరం రాసేవాళ్లు అసలు మాటను చాలాసార్లు అట్లాగే చివర్లో పెడతారు.

తెల్లారి లేవకపోతే బాగుండు అనుకోవడం చావాలనుకోవడం కాదులే అని నీకు నువ్వు సర్దిచెప్పుకొని ఉంటావు. నేను దాన్ని అంత తేలిగ్గా వదలను. సూటిగా అడుగుతున్నా: ఆ ఆలోచన అక్కడితో ఆగుతోందా, లేక ఎట్లా అన్నదాకా పోతోందా? పోతుంటే ఈ జవాబు తర్వాత చదవొచ్చు. ముందు అమ్మను లేపి చెప్పు, ఈ రాత్రి ఆమె పక్కనే పడుకో, మాత్రల సీసా ఆమె దగ్గరే ఉండనీ. 14416కి ఫోన్ చెయ్. టెలీ మానస్ అని ప్రభుత్వం 2022లో పెట్టింది. డబ్బులు పడవు, ఏ వేళకైనా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. అప్పటికీ ఉండలేనంతగా ఉంటే దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లమను. అంతదాకా పోలేదంటే మంచిదే. అయినా ఆ వాక్యాన్ని నాకు రాసినట్టే ఇంట్లో ఒక్కరికైనా చెప్పు.

ఇప్పుడు బద్ధకం సంగతి. బద్ధకస్తులను నేను చాలామందిని చూశాను, మా ఇంట్లోనే ఒకరున్నారు. పని చెప్తే కదలరు గానీ సినిమాకు పోదాం అంటే అందరికంటే ముందు చెప్పులేసుకుంటారు. నీకు సినిమా వద్దు, పెళ్లి భోజనం వద్దు, ఫ్రెండ్ గొంతు కూడా వద్దు. ఇష్టమైనవి కూడా రుచించకపోవడం, నిద్ర తప్పడం, చదివింది ఎక్కకపోవడం, బతుకు మీద ఆశ సన్నగిల్లడం రెండు వారాలకు మించి రోజూ ఉంటే డాక్టర్లు డిప్రెషన్ అని అనుమానిస్తారు. నీకు ఎనిమిది నెలలు. దాన్ని పసిగట్టడానికి తొమ్మిది ప్రశ్నల కాగితం ఒకటి ఉంటుంది, పీహెచ్‌క్యూ-9 అంటారు. నింపడానికి ఐదు నిమిషాలు కూడా పట్టదు. నీకు స్కానింగ్ అయింది, బరువు చూశారు. ఈ కాగితం మాత్రం ఎవరూ నీ చేతిలో పెట్టినట్టు లేదు.

పెట్టాల్సింది. పీసీఓఎస్ వైద్యానికి ప్రపంచవ్యాప్తంగా అనుసరించే మార్గదర్శకాలు 2018లో వచ్చాయి, 2023లో వాటిని సవరించారు. పీసీఓఎస్ అని తేలిన ప్రతి ఆడపిల్లనూ డిప్రెషన్, ఆందోళన గురించి అడిగి తెలుసుకోవాలని వాటిలో ఉంది. ఈ సమస్య ఉన్నవాళ్లలో డిప్రెషన్ మిగతావాళ్ల కంటే ఎక్కువగా కనపడుతుంది. లావుగా ఉన్నందుకే దిగులు అనుకుంటారు గానీ, సన్నగా ఉన్న పీసీఓఎస్ పిల్లల్లోనూ ఉంటుంది. హార్మోన్ల తేడా కొంత, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం కొంత, అద్దం కొంత, మేనత్తలు కొంత. ఏది ఎంత అని విడదీయలేం.

నా తప్పొకటి చెప్పనా? ఈ పనిలోకి వచ్చిన కొత్తలో అనంతపురం నుంచి ఒకమ్మాయి వచ్చింది. ఎండాకాలంలో కూడా చున్నీ మెడకు రెండు చుట్లు చుట్టుకొని కూర్చుంది. పొద్దున్నే వాకింగ్ చెయ్యి, స్వీట్లు మానెయ్, బరువు తగ్గితే నీ మూడ్ అదే బాగవుతుంది అని పెద్ద ఆరిందాలా చెప్పి పంపాను. మళ్లీ రాలేదు. మంచం దిగడమే కష్టంగా ఉన్న పిల్లను గంట నడవమన్నానని నాకు చాలా రోజుల తర్వాత గానీ వెలగలేదు. అందుకే నీకు ముందు బరువు సంగతి చెప్పను. ముందు మనసుకు వైద్యం. కాస్త నిద్ర పట్టి, కాస్త ఓపిక వస్తే నడక దానంతట అదే మొదలవుతుంది.

కడప ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో, మనం ఇప్పటికీ రిమ్స్ అనే పిలుచుకునే దాంట్లో, సైకియాట్రీ ఓపీ ఉంది. అక్కడ తెలిసినవాళ్లు తగులుతారని అమ్మ భయపడితే కర్నూలు పెద్దాసుపత్రికి పోండి. మామూలు దిగులైతే మాటలతోనే, అంటే కౌన్సెలింగ్‌తోనే సరిపోవచ్చు. మందు రాస్తే భయపడొద్దు. డిప్రెషన్‌కు ఇప్పుడు ఎక్కువగా వాడే మందులు నిద్రమాత్రలు కావు, వ్యసనంగా మారేవీ కావు. గుణం కనపడటానికి కొన్ని వారాలు పడుతుంది, నీ అంతట నువ్వు ఠక్కున మానకూడదు. ఒక్క ముఖ్యమైన మాట: ‘నాకు పీసీఓఎస్ ఉంది, బరువు పెరిగే మందు వద్దు సార్’ అని నోరు తెరిచి చెప్పు. ఈ మందుల్లో కొన్ని బరువు పెంచుతాయి, కొన్ని పెంచవు. ఏది రాయాలో ఆయన చూసుకుంటారు.

హార్లిక్స్ సీసా మాత్రం నాకు నచ్చలేదు. రేపు డాక్టరు ఏం వాడుతున్నావని అడిగితే ‘తెల్లగా, గుండ్రంగా ఉంటాయి’ అంటావా? వాటిలో హార్మోన్ మాత్రలు ఉంటే, కొందరికి వాటివల్లే మూడ్ దిగజారుతుంది. అవి మొదలుపెట్టాక దిగులు ఎక్కువైందా అన్నది తేలాలంటే పేరు, తేదీ తెలియాలి. థైరాయిడ్, హిమోగ్లోబిన్ చూపించుకున్నావో లేదో రాయలేదు. అవి తేడాగా ఉన్నా నీరసం, దిగులు వస్తాయి.

గైనకాలజిస్టు దగ్గరికి మళ్లీ వెళ్లు, వీలైతే వేరే ఆవిడ దగ్గరికి. ఏడాదికి మూడుసార్లే నెలసరి రావడం వదిలేసే విషయం కాదు. నెలల తరబడి రాకపోతే గర్భసంచి లోపలి పొర మందం కడుతుంది. అందుకే మూడు నెలలకు ఒకసారైనా వచ్చేలా మందిస్తారు. ఇక ‘నీటి బుడగలు’ అంటారే, అవి గడ్డలూ కావు, బుడగలూ కావు. పూర్తిగా ఎదగకుండా ఆగిపోయిన అండాల చిన్న తిత్తులు. ఆపరేషన్ చేసి తీయించేద్దామని ఎవరైనా అంటే వెంటనే ఒప్పుకోవద్దు.

మెడ మీద నలుపును సున్నిపిండితో రుద్దీ రుద్దీ పుండు చేసుకునే పిల్లలు నాకు తెలుసు. అది మురికి కాదు, రుద్దితే పోదు. ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువైందనడానికి గుర్తు. లోపల సర్దుకుంటే మెల్లగా పలచబడుతుంది. గడ్డం మీద వెంట్రుకలకు మందు వాడినా తేడా తెలియడానికి ఆరు నెలలైనా పడుతుంది. అందాకా థ్రెడింగ్ చేయించుకుంటావో, రేజర్ వాడతావో నీ ఇష్టం. గీస్తే ఇంకా మందంగా వస్తాయన్నది ఒట్టి మాట. లేజర్‌కు స్తోమత ఉంటే అదీ మంచిదే.

బరువు గురించి చెప్పనన్నాను గానీ ఒక్క లెక్క. మళ్లీ 58కి రావాలని పెట్టుకోవద్దు. ఉన్న బరువులో 5 శాతం తగ్గినా చాలామందికి నెలసరి మెరుగవుతుంది. 74లో 5 శాతం అంటే నాలుగు కిలోలు కూడా కాదు. పొద్దు వాలాక మిద్దె మీద పది నిమిషాలు తిరుగు. ఈ వారానికి అంతే. అదీ కాలేదంటే మిద్దె ఎక్కి కూర్చొని దిగు, అదీ లెక్కే. తిండిలో కొర్రలే తినాలి, అన్నం ముట్టకూడదు అని ఫోన్లో వీడియోలు ఊదరగొడతాయి. పీసీఓఎస్‌కు ఫలానా తిండే మందు అని ఎక్కడా రుజువు కాలేదు. సంగటైనా అన్నమైనా ముద్ద తగ్గించి, పప్పు, ఆకుకూర పెంచితే చాలు. నీ ఒక్కదానికే వేరే గిన్నె పెట్టనివ్వకు. ఇంట్లో అందరూ ఉగ్గాని బజ్జి తింటుంటే నువ్వు మూలన కూర్చొని కీరా నమిలితే ఉన్న దిగులు రెట్టింపవుతుంది.

పెళ్లి మందు కాదు. పీసీఓఎస్‌కూ కాదు, డిప్రెషన్‌కూ కాదు. ‘పెళ్లయితే సర్దుకుంటుంది’ అనే మాట వినడానికి ధైర్యం చెప్పినట్టుంటుంది గానీ అది అబద్ధం. ఇప్పుడు నీకున్న నిద్రకు, ఓపికకు పెళ్లిచూపుల్లో కూర్చోవడమే భారం, కొత్త కాపురం ఇంకా భారం. ఆరు నెలలు సంబంధాలు ఆపమని అడుగు. నువ్వడగలేకపోతే కౌన్సెలర్ చేత అడిగించు.

వాళ్లకు చెప్పాలా అంటావా? ట్రేలో కాఫీ పట్టుకెళ్లేటప్పుడే చెప్పాల్సిన పని లేదు. చూడ్డానికి వచ్చిన ప్రతి కుటుంబానికీ నీ స్కానింగ్ రిపోర్టుతో పనేంటి? కానీ మాట ఖాయం చేసుకునే ముందు అబ్బాయికి మాత్రం నువ్వే చెప్పాలని నా అభిప్రాయం. పెద్దవాళ్ల మధ్యవర్తిత్వం లేకుండా, ఏడవకుండా, నేరం ఒప్పుకుంటున్నట్టు కాకుండా: ‘నాకు పీసీఓఎస్ ఉంది, మందులు వాడుతున్నాను. పిల్లలు పుట్టరని కాదు, కొందరికి ఆలస్యం కావచ్చు, దానికి వైద్యం ఉంది.’ అది నిజమే. అండం సరిగా విడుదల కాకపోతే మాత్రలతోనే విడుదలయ్యేలా చేసే వైద్యం ఉంది, చాలామంది తల్లులవుతున్నారు. ఆ మాట విని వెనక్కి తగ్గేవాడు పెళ్లికి ముందే తగ్గడం నయం.

మేనత్త ఈసారి నోరు పారేసుకుంటే బదులు చెప్పే ఓపిక నీకు ఇప్పుడు లేకపోవచ్చు. ఆ పని మీ అమ్మకు వదిలెయ్. కింది నాలుగు మాటలు ఆమెకు చదివి వినిపించు.

అమ్మా, మీరు దాచింది పిల్ల పరువు కాపాడాలనే. నాకు అర్థమైంది. కానీ తల్లే సీసాలో పెట్టి దాస్తుంటే, తన ఒంట్లో ఉన్నది సిగ్గుపడాల్సిందేమో అని పిల్ల అనుకుంటోంది. వాళ్ల నాయనకు మీరే చెప్పండి, అది బద్ధకం కాదని, పిల్లకు ఒంట్లో బాగాలేదని. రాత్రి మూడింటికి లేచి నీళ్లు తాగడానికి వెళ్లినప్పుడు ఆ గదిలో ఫోన్ వెలుగుతూ కనిపిస్తే తిట్టకండి, పక్కన కాసేపు కూర్చోండి. ఏం మాట్లాడకపోయినా సరే. ఈ వారంలోనే ఆసుపత్రికి వెంటబెట్టుకొని వెళ్లండి, లోపలికి మాత్రం డాక్టరుతో ఒంటరిగా మాట్లాడనివ్వండి. వెళ్లేటప్పుడు పాత చీటీలన్నీ పట్టుకుపోండి. ఈసారి మందులు కొన్నాక షీట్లలోనే ఉంచండి.